పెడల్ నేల దాకా దిగిపోతోందా? – ఇంటి దగ్గర కారు పని, 4వ పాఠం

పోయిన పాఠంలో ముందు చక్రాల ప్యాడ్లు మార్చాం కదా, ఇవాళ్టిది కూడా బ్రేకుల గొడవే. తొక్కితే సగంలో ఆగాల్సిన పెడల్ నేల దాకా పోతోంది. మన బండి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేని పాత చిన్న కారు అనుకుందాం. పెడల్ ఇలా ఉంటే "మెల్లిగా పోనిద్దాంలే" అని రోడ్డెక్కించొద్దు, పాఠమంతా ఇంటి ముందు ఆపిన బండి మీదే.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. కొన్నేళ్ళ కిందట నా కారుకి ఇదే జబ్బు వస్తే, ఎవరో "ఎయిర్ పట్టింది" (బ్రేక్ ఆయిల్ పైపుల్లో గాలి చేరింది) అన్నారని ఆదివారం పొద్దున్నే కూర్చుని మూడుసార్లు ఎయిర్ తీశాను. లీటరు బ్రేక్ ఆయిల్ అయిపోయింది, తొక్కీ తొక్కీ మా తమ్ముడికి పిక్కలు పట్టేశాయి, పెడల్ మాత్రం అక్కడే. తీరా చూస్తే లోపల గాలే లేదు, వెనక డ్రమ్ముల లోపల రాసుకునే లైనర్లు అరిగి లూజైపోయాయంతే. అందుకే పానా పట్టుకునే ముందు కాలితో చూడాల్సింది చాలా ఉంది.

బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంచెం తగ్గడం మామూలే, ప్యాడ్లని నెట్టే పిస్టన్ ముందుకి జరిగినంత మేర దాని వెనక ఆయిల్ నిండుతుంది. కానీ కొత్త ప్యాడ్లు వేసిన నెలకే కింది గీత దాటిందంటే ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, డ్రమ్ము వెనక ప్లేటు అడుగున, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) బూస్టర్‌కి (వాక్యూమ్‌తో తొక్కుకి బలం పెంచే డబ్బాకి) అతుక్కునే చోట వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ముందు ఆ లీకు సంగతి తేల్చాలి, ఆయిల్ పోసి సరిపెట్టుకుంటే కాదు.

తడి లేకపోతే బండి ఎక్కండి. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి వదిలితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోతుంది. కాసేపు ఆగి ఒకసారి తొక్కండి, కిందికి పోయిందా? వెంటనే రెండోసారి, మూడోసారి తొక్కండి. పైకొచ్చి రాయిలా గట్టిగా నిలబడితే లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైనట్టు. మాస్టర్ సిలిండర్ ఒక తొక్కుకి ఇంతే ఆయిల్ తోస్తుంది, అదంతా సందు పూడ్చడానికే సరిపోతోంది, లైనర్లు పూర్తిగా వెనక్కి పోయేలోపు రెండో తొక్కు పడితేనే పట్టు దొరుకుతోంది. అనుమానం తీరాలంటే హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్ళు లాగి తొక్కండి, పెడల్ ఎత్తు పెరిగితే తప్పు వెనకే ఉంది. ఈ ఒక్క పని ఆ రోజు చేసుంటే నా లీటరు ఆయిల్ మిగిలేది.

పంప్ చేస్తే పైకొచ్చినా స్పాంజి నొక్కినట్టు మెత్తగా సాగుతుంటే అది గాలి.

మూడో రకం మోసకారి. పెడల్ బాగానే ఆగుతుంది, కాలు అలాగే ఉంచి అర నిమిషం చూస్తే మెల్లిగా కిందికి జారుతుంది. బయట లీకు ఉండదు, డబ్బాలో మట్టమూ తగ్గదు, ఎందుకంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు దాటి ఆయిల్ మళ్ళీ డబ్బాలోకే పోతోంది. దీన్ని గట్టిగా తొక్కి ఒకసారి, మెత్తగా తొక్కి ఒకసారి చూడాలి. అరిగిన సీలు గట్టిగా తొక్కితే గోడకి అతుక్కుని ఆగుతుంది, మెత్తగా తొక్కినప్పుడే దొరికిపోతుంది. అన్నట్టు, పెడల్ మీద కాలుండగా ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొద్దిగా దిగుతుంది, టెన్షన్ పడకండి, బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

ఇంటి దగ్గర అంతా బాగుండి తిరుమల ఘాట్ దిగుతున్నప్పుడే పెడల్ పోయి, చల్లారాక తిరిగొస్తే పాత ఆయిల్‌ని అనుమానించండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం (డబ్బా మీద రాసుంటుంది) ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీళ్ళు చేరాక 140కే మరగొచ్చని లెక్క. డాట్ 4కి అవే 230, 155. మరిగితే ఆవిరి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి.

ఇక లైనర్ల సర్దుబాటు. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, గేర్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలి, వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలపండి, జాకీని నమ్మి కింద దూరొద్దు. డ్రమ్ము వెనక ప్లేటుకి చిన్న రబ్బరు బిరడా ఉంటుంది (కొన్ని బండ్లకి ఉండదు, వాటికి డ్రమ్ము ఊడదీయాల్సిందే). బిరడా తీసి టార్చి వేస్తే లైనర్ల సందు సర్దే పళ్ళ చక్రం (అడ్జస్టర్) కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్ను జరుపుతూ బండి చక్రం తిప్పి చూడండి, పట్టేసేదాకా బిగించి, మళ్ళీ సన్నగా రాసుకునే చప్పుడు వినిపించేంత వరకే వదలండి. పళ్ళ చక్రాన్ని వెనక్కి తిప్పేటప్పుడు పళ్ళని ఆపే చిన్న రేకుని ఇంకో సన్న స్క్రూడ్రైవర్‌తో పక్కకి నెట్టి పట్టుకోవాలి, లేకపోతే కదలదు. రెండు పక్కలా అయ్యాక పెడల్ నాలుగుసార్లు తొక్కి మళ్ళీ తిప్పి చూడండి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఆఖర్నే. చాలామంది ముందు కేబుల్ బిగించేస్తారు, అది లైనర్లని సగం లాగి పట్టుకుంటే ఈ సర్దుబాటు ఎలా కుదురుతుంది?

పళ్ళ చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోతే డ్రమ్ము తీసి శుభ్రం చేయాలి, దుమ్ము నోటితో ఊదొద్దు. ఎడమ, కుడి అడ్జస్టర్లు కలిసిపోకుండా వేర్వేరుగా పెట్టుకోండి, చాలా బండ్లలో వాటి మరలు ఎదురెదురుగా ఉంటాయి.

నిజంగా గాలే అయితే ఎయిర్ తీయడం వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం, మాస్టర్ సిలిండర్ సీళ్ళు కూడా అప్పుడే. ఈలోపు ఒకటి చూసి పెట్టుకోండి: ముందు కాలిపర్ల (డిస్కు మీద ప్యాడ్లని నొక్కే బిగింపుల) మీద గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపిల్ పైవైపు ఉందా లేదా. ఎప్పుడో ఎవరో కుడిది ఎడమకి వేసి ఉంటే నిపిల్ కిందికి వస్తుంది, గాలేమో పైనే ఉండిపోతుంది, ఎన్ని లీటర్లు పోసినా రాదు. అలాగే పెడల్ కింద పెట్టడానికి చిన్న చెక్కముక్క ఒకటి వెతికి ఉంచండి. పాత మాస్టర్ సిలిండర్‌ని నేల దాకా తొక్కితే, పిస్టన్ ఎన్నడూ వెళ్ళని తుప్పు చోటుకి వెళ్ళి సీలు కోసుకుపోతుంది.