ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఒక్కరోజే వెళ్తున్నారా? నాలుగు బొమ్మల వరస ఇదీ

డిసెంబర్ వస్తే చాలు, మా కావలి కుర్రాళ్ళు అడుగుతారు: "బాబాయ్, చెన్నై ఫెస్టివల్‌కు ఒక్కరోజే కుదిరింది, ఏం సినిమాలు చూడమంటావు?" థియేటర్ క్యాబిన్‌లో ఏళ్ళ తరబడి బొమ్మ వేసినవాణ్ణి కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఏ సినిమాలు చూడాలో నేను చెప్పను. ఏ వరసలో చూడాలో చెబుతాను. నాలుగు దేశాల బొమ్మలు ఒకే రోజు చూసేటప్పుడు వరస తప్పితే ఎంత మంచి సినిమా అయినా నిద్రపాలవుతుంది.

ముందు పాస్ సంగతి. ఇక్కడ ఆటకో టికెట్ కొనే పద్ధతి ఉండదు. డెలిగేట్ పాస్ తీసుకోవాలి. నవంబర్‌లో గోవాలో జరిగే ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం) అయినా, తిరువనంతపురం ఫెస్టివల్ అయినా అంతే. ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. మెడలో పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. పేరున్న సినిమాకు అరగంట ముందే లైన్లో ఉండాలి. కొన్నిచోట్ల ఫోన్‌లో ముందే సీటు బుక్ చేసుకోవాలి, ఆ సంగతి అక్కడి నిబంధనల్లో చూసుకోండి.

నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో దాదాపు మూడు గంటలు. మార్నింగ్ షో అందుకోవాలంటే ముందురోజు రాత్రే వెళ్ళి పడుకోవడం మేలు. తెల్లవారుజామున లేచి రైలెక్కినవాడికి రెండో సినిమాకే కళ్ళు మూతపడతాయి.

షెడ్యూల్ చేతికి రాగానే పెన్ను తీసుకోండి. ప్రతి సినిమా పక్కన నిడివి ఉంటుంది. దానికి ఒక అరగంట కలుపుకోండి, లైనుకూ ఆలస్యానికీ. దర్శకుడు వస్తున్నాడంటే మాటామంతీకి ఇంకో ఇరవై నిమిషాలు. ఇలా లెక్కేస్తే రోజుకు నాలుగు సినిమాలే సరిగ్గా పడతాయి. ఐదు చూసేవాళ్ళున్నారు, కానీ ఐదోదాంట్లో ఏం చూశావంటే చెప్పలేరు. ప్రతి ఆటకూ పక్క హాల్లో రెండో సినిమా ఒకటి గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు సినిమా రీళ్ళలో కాదు, హార్డ్ డిస్కులో వస్తుంది. దానికి ఒక డిజిటల్ తాళం ఉంటుంది. ఫలానా తేదీల్లో, ఫలానా మెషీన్ మీదే అది తెరుచుకుంటుంది. ఆ తాళం సమయానికి అందకపోతే లోపలున్న ఆపరేటర్ ఎంత పనిమంతుడైనా బొమ్మ వేయలేడు. అప్పుడు తిట్టుకుంటూ కూర్చోకుండా పక్క హాలుకు వెళ్ళిపోవచ్చు.

ఇక వరస. మార్నింగ్ షోకు అన్నిటికన్నా నెమ్మదైన సినిమా పెట్టుకోండి. వీలైతే పాత బ్లాక్ అండ్ వైట్, ఇంకా వీలైతే మూకీ. కళ్ళు, మనసు రెండూ తాజాగా ఉండేది అప్పుడే.

మూకీ గురించి రెండు మాటలు చెప్పాలి. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 నుంచి 20 ఫ్రేములు, అటూ ఇటూగా. టాకీలు వచ్చాక 24 స్థిరపడింది. పాత బొమ్మను 24 మీద తోలితే మనుషులు గంతులేస్తున్నట్టు నడుస్తారు. టీవీలో అలాగే చూసి మూకీ అంటే నవ్వులాట అనుకున్నాం. రిస్టోర్ చేసిన మంచి కాపీలో వేగం సరిచేసి ఉంటుంది. ఒక మనిషి తలుపు తీసి, లోపలికొచ్చి, టోపీ పక్కన పెట్టి కూర్చుంటే అందుకు నిజంగా పట్టేంతసేపే పడుతుంది. ఆ ముఖం చూడండి. నూరేళ్ళ కిందటి మనిషి మన ముందు ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది.

పాత సినిమా తెర మధ్యలోనే పడుతుంది, రెండు పక్కలా నల్లగా ఉంటుంది. ఆపరేటర్‌ను కేకలెయ్యకండి. 1953లో వెడల్పాటి బొమ్మ వేసే సినిమాస్కోప్ రాకముందు బొమ్మ కొలతే అది, ఎత్తు 1 అయితే వెడల్పు దాదాపు 1.33 నుంచి 1.37. తెర నిండా లాగితే నటుల తలలు తెగిపోతాయి.

మధ్యాహ్నం భోజనం తేలిగ్గా. చేపల పులుసు వేసుకుని కడుపునిండా తినే రోజు కాదిది. మ్యాట్నీకి షార్ట్ ఫిల్ముల ప్యాకేజీ చూడండి. పదిహేను నిమిషాలకో కథ, కొత్త ఊరు, కొత్త మనుషులు. నిద్ర వచ్చేలోపే బొమ్మ మారిపోతుంది. యానిమేషన్ ఉన్నా మంచిదే. ఫస్ట్ షోకు డాక్యుమెంటరీ. తీసినవాళ్ళు వచ్చేది ఎక్కువగా వీటికే, జనం తక్కువ కాబట్టి మీ ప్రశ్నకు మైకు అందుతుంది. సెకండ్ షోకు మీరు అన్నిటికన్నా ఇష్టపడి ఎంచుకున్నది. ఒళ్ళు అలిసినా ఇష్టం నిలబెడుతుంది.

ఇంటర్వెల్ ఉండదు. గంటన్నర సినిమా అంటే మా లెక్కలో ఎనిమిది రీళ్ళు, మన సినిమా ఇంటర్వెల్ దాటి కాస్త ముందుకెళ్ళేసరికి అక్కడ శుభం కార్డు పడిపోతుంది. బాత్రూమ్ పని ముందే చూసుకోండి.

మా అక్క కొడుకు ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాడు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేగంగా చదవలేనని వాడికి టెన్షన్. మొదట మాటలు తక్కువున్న సినిమాలు చూడరా అన్నాను. మన ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క డైలాగూ లేకుండా 'పుష్పక విమానం' తీస్తే మన జనం హాయిగా చూశారు కదా! చదవాల్సి వచ్చినప్పుడు లైన్ మొత్తం ఒక్క చూపులో చూసి, వెంటనే ముఖాల మీదికి కళ్ళు ఎత్తాలి. ఒక లైన్ పోయినా వెనక్కి వెతుక్కోకూడదు. సీటు మధ్యకన్నా కాస్త వెనక, నడవా పక్కన తీసుకోండి. ముందువాళ్ళ తలలు అక్షరాలకు అడ్డం రావు. సినిమా మనకు పట్టకపోతే అరగంట చూసి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా బయటికి రావచ్చు. ఫెస్టివల్‌లో అది తప్పు కాదు. ఫోన్ వెలుతురు మాత్రం తప్పే.

ప్రతి సినిమా అయ్యాక చిన్న పుస్తకంలో మూడు సంగతులు రాసుకోండి: దర్శకుడి పేరు, కంటికి అతుక్కుపోయిన ఒక షాట్, చెవిలో మిగిలిన ఒక చప్పుడు. కథ రాయనక్కర్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఈ సినిమాల్లో చాలావరకు మన నెల్లూరు, ఒంగోలు హాళ్ళకు రావు. ఆ పేరు దగ్గరుంటేనే ఆ దర్శకుడి మిగతా సినిమాలు తర్వాత వెతుక్కోగలం.

సెకండ్ షో చూసేవాళ్ళు ఆ రాత్రే నెల్లూరు చేరాలని పెట్టుకోవద్దు. ఆలస్యమైతే చివరి రీలు వదిలేసి స్టేషన్‌కు పరిగెత్తాలి. మర్నాడు పొద్దున రైలుకే టికెట్ తీసుకోండి.