ప్లాస్మా అనుకరణ, 5వ పాఠం: చదునైన గీతను ఎప్పుడు నమ్మాలి

గత పాఠంలో డెల్టా-ఎఫ్ పద్ధతిలో ప్రతి కణానికి ఒక వెయిట్ (ఒక సంఖ్య) కేటాయించి, సమతాస్థితిలో కణాల వేగాలు ఉండే మాక్స్‌వెల్ పంపిణీ నుంచి వచ్చిన తేడాను మాత్రమే ఆ వెయిట్‌లో మోయించాం. విశాఖపట్నం నుంచి ఈ పాఠాలను అనుసరిస్తున్న ఎం.ఎస్సీ. విద్యార్థులు పంపిన గ్రాఫులలో ఉష్ణ ప్రవాహపు గీత కొంతసేపు పెరిగి, తర్వాత ఒక సగటు చుట్టూ ఊగుతూ చదునుగా సాగింది. నిలకడ స్థితి వచ్చిందని చాలామంది రాశారు. అంత తొందర వద్దు.

అదే పరుగులో వెయిట్ల వర్గాల సగటును కూడా గీయండి. కణాల మధ్య అభిఘాతాలు లేని కోడ్‌లో ఆ గీత ఆగకుండా పైకే పోతుంది. మేఘాద్రిగెడ్డ జలాశయంలో నీటిమట్టం మారకపోయినా అడుగున పూడిక పేరుకుంటున్నట్టే ఇదీ. ఉష్ణ ప్రవాహాన్ని ఉష్ణోగ్రత వాలుతో గుణిస్తే వచ్చే ఎంట్రోపీని హరించే మార్గం లేనప్పుడు అది వెయిట్లలోనే చేరుతుందని ప్లాస్మా శాస్త్రవేత్తలు క్రోమ్స్, హు 1994లో వివరించారు. వెయిట్లు పెరిగేకొద్దీ నాయిస్, అంటే కణాల సంఖ్య పరిమితం కావడం వల్ల లెక్కలో వచ్చే యాదృచ్ఛిక దోషం, కూడా పెరుగుతుంది. కణాల సంఖ్యను రెట్టింపు చేస్తే ఆ నాయిస్ ముంచెత్తే గడువు సుమారు రెట్టింపవుతుందే గాని, ముప్పు తప్పదు. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత వాలు వల్ల పుట్టే టర్బులెన్స్‌ను అనుకరించిన కొన్ని పరుగులలో, చివర కనిపించిన తక్కువ ఉష్ణ ప్రవాహానికి కారణం ఈ నాయిసేనని నెవిన్స్ బృందం 2005లో చూపింది.

అందుకని వెయిట్లను ప్రతి అడుగులో కొద్దిగా తగ్గించే క్రూక్ పదాన్ని సమీకరణంలో చేర్చుదాం. అస్థిరత వృద్ధిరేటు 0.1 అయితే, క్షయరేటును అందులో పదో వంతుగా, అంటే 0.01గా తీసుకోండి, ఒక్కో అడుగు కాలాంతరం 0.1 అయినప్పుడు ప్రతి అడుగులోనూ వెయిట్‌ను 0.999తో గుణించాలి. అయితే ఈ గుణకారం టర్బులెన్స్‌ను అదుపు చేసే జోనల్ ప్రవాహాలను (టర్బులెన్సే పుట్టించే పట్టీల్లాంటి ప్రవాహాలను) కూడా అరగదీసి, ఉష్ణ ప్రవాహాన్ని ఎక్కువ చేసి చూపగలదు. కాబట్టి వాటికి కలిగిన నష్టాన్ని లెక్కకట్టి తిరిగి కలపాలి. నా దృష్టిలో ఈ సవరణ లేని క్రూక్ పదం వాడకపోవడమే మేలు.

ఇప్పుడు పరీక్ష. క్షయరేటును 0.005కు తగ్గించి మళ్లీ నడపండి. వెయిట్ల వర్గాల సగటు సుమారు రెట్టింపు మట్టంలో నిలబడి, ఉష్ణ ప్రవాహపు సగటు మాత్రం గణాంక దోషం పరిధిలో మారకుండా ఉంటే, మీ నిలకడ స్థితిని నమ్మవచ్చు. రెండు పరుగుల గ్రాఫులనూ ఒకే కాగితం మీద గీసి ఉంచండి. వచ్చే పాఠంలో ఉష్ణ జనకాన్ని చేర్చేటప్పుడు వాటితోనే పోల్చుదాం.