పీనట్ బటర్ హార్ట్ కుకీలు పరుచుకుపోతున్నాయా? (నా అనుభవం)

ఫిబ్రవరి 14కని, ఇంట్లో పట్టిన పీనట్ బటర్‌తో హార్ట్ కుకీలు చేస్తే ఓవెన్‌లో కరిగి అప్పచ్చుల్లా గుండ్రంగా తేలేవి. మైదా పెంచడం, సోడా మానడం, వేడి తగ్గించడం: ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. పీనట్ బటర్‌ని తేలిన నూనె కలిసేదాకా అడుగునుంచి తిప్పి 120 గ్రాములు తీసుకోవాలి. వెన్న 60, పంచదార పొడి 80, మైదా 150 గ్రాములు, చెంచాడు పాలు కలిపి, బటర్ పేపర్ల మధ్య 8 మి.మీ. మందాన ఒత్తి కట్ చేయాలి. ఆ తర్వాతే, ట్రేతో సహా, 20 నిమిషాలు డీప్ ఫ్రీజర్లో పెట్టాలి. ముద్దగా ఉన్నప్పుడు చల్లబరిస్తే లాభం లేదు. కట్ చేసేలోపే బెజవాడ మధ్యాహ్నపు వేడికి వెన్న మెత్తబడుతుంది. ముందే కాగిన ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 170 డిగ్రీలకి 12–14 నిమిషాలు. దించి పది నిమిషాలు కదపొద్దు, విరుగుతాయి.

కొన్న పీనట్ బటర్ డబ్బాలో పంచదార ఉంటే 80 గ్రాములు ఎక్కువే. ఓవెన్‌ని బట్టి టైమూ అటూఇటూ అవుతుంది.