మడత క్లాత్ బాక్సులకు ముక్క వాసన: నాకు పనిచేసింది

మాది పర్లాకిమిడి. వానలు పడితే చాలు, అటక మీది క్లాత్ బాక్సుల (లోపల అట్టలు పెట్టి గుడ్డతో కుట్టిన మడత పెట్టెలు) అడుగు కుంగిపోయి, చీరలకు ముక్క వాసన పట్టేది. కలరా ఉండలు, వేపాకు, సిలికా పొట్లాలు, ఎండబెట్టడం అన్నీ అయ్యాయి.

అసలు దొంగ అడుగునున్న అట్ట. పైకి లాగితే నానిన అప్పడంలా వచ్చింది, అంతా నల్లచుక్కలు. అది పారేసి, బాక్సును తడిగుడ్డతో తుడిచి రెండురోజులు ఎండలో పెట్టాను. తర్వాత సైన్ బోర్డులకు వాడే, లోపల సన్నటి గొట్టాలుండే ప్లాస్టిక్ షీటును అట్ట కొలత కంటే చుట్టూ అర సెంటీమీటరు తగ్గించి కోసి వేశాను. సరిగ్గా అదే కొలతకు కోస్తే మూలలు లేస్తాయి, మొదటిది అలాగే పాడుచేశాను. చివరగా బాక్సును చెక్కపట్టీల మీద, గోడకు నాలుగు వేళ్ల ఎడంలో పెట్టాను.

ఈసారి వానలకు వాసన రాలేదు. కానీ పక్క అట్టలు కుట్టేసి ఉన్నాయి, వాటిని మార్చలేదు, ఎన్నాళ్లుంటాయో తెలీదు. గోడలే చెమ్మెక్కే ఇళ్లకు ఇది చాలకపోవచ్చు.