చీరకు 1940ల ఊలు జాకెట్టు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నవంబరు నుంచి మార్చి దాకా చీర కట్టాలంటే జాకెట్టు మీద కార్డిగన్, దాని మీద కోటు వేసుకోవాలి. ఇన్ని తొడిగాక కట్టింది మంగళగిరి చీరో మంచం మీది దుప్పటో ఎదుటివాళ్లకు తెలియదు. అందుకే చలికాలంలో మామూలు జాకెట్టు మానేశాను. 1940ల నాటి బ్రిటిష్ జంపర్ (తల మీంచి తొడుక్కునే స్వెట్టర్) ప్యాటర్న్, అంటే అల్లే పద్ధతి రాసిన కాగితం ఒకటి తీసుకుని, ఆ జంపర్‌ను నా కొలతకు అల్లుకుని, జాకెట్టుగా వేసుకుంటున్నాను. సీదా, ఉల్టా రెండు కుట్లూ వచ్చి, ఒక్క మఫ్లరైనా పూర్తి చేసినవాళ్లు ఎవరైనా దీన్ని అల్లుకోవచ్చు. అల్లిక కన్నా ముందు చేసుకోవాల్సిన లెక్కే ఎక్కువ.

ఆ కాలం జంపర్ భుజం నుంచి కింది అంచు దాకా 19, 20 అంగుళాలకు మించదు. అప్పటి స్కర్టులు నడుము బాగా పైకి ఉండేవి, జంపర్ ఆ నడుము పట్టీ దాకా వస్తే చాలు. ఈ కాలం వాళ్లు అదే ప్యాటర్న్ అల్లుకుని, జీన్స్ మీద వేసుకుని, పొట్ట కనబడుతోందని గొణుగుతారు. మనకు ఆ గొడవే లేదు. లంగా బొందు కట్టే చోటికి సరిగ్గా వచ్చి ఆగుతుంది. కింద మూడు నాలుగు అంగుళాల రిబ్ పట్టీ (సీదా, ఉల్టా కుట్లు మార్చి మార్చి వేసే సాగే పట్టీ) నడుమును పట్టి ఉంచుతుంది కాబట్టి పైకి ఎగబాకదు. చేతులు చూస్తే అచ్చం మన అమ్మమ్మల కాలం బుట్ట చేతులే.

పైగా బరువు ఉండదు. బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకు రేషన్ పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు ఇచ్చారు. రెండు ఔన్సుల ఊలుకు ఒక కూపన్ పోయేది. 1949 మార్చి దాకా ఈ రేషన్ నడిచింది. పాత స్వెట్టర్లు విప్పి, ఆ ఊలును ఉతికి, మళ్లీ అల్లుకున్న రోజులవి. అందుకే అప్పటి ప్యాటర్న్‌లలో సన్న ఊలు, పొదుపు కొలతలు కనిపిస్తాయి. పొట్టి చేతుల జంపర్‌కు ఐదు ఔన్సులంటే మన లెక్కలో 142 గ్రాములు. ఈ రోజు దుకాణంలో దొరికే లావు ఊలుతో అల్లిన స్వెట్టర్ మీద చీర కట్టి చూడండి, కుచ్చెళ్లు దోపడానికి చోటు దొరకదు.

ప్యాటర్న్‌లు ఇక్కడ ఛారిటీ షాపుల్లో, అంటే జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. కుట్టు సామాను పెట్టే మూల అడుగున ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో చిన్నపిల్లల బూట్ల ప్యాటర్న్‌ల కింద పాత లీఫ్‌లెట్లు ఉంటాయి, ఓపిగ్గా వెతకాలి. ఇండియాలో ఉన్నవాళ్లకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1940ల ప్యాటర్న్‌లు కొన్ని వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. మొదటిసారి అల్లేవాళ్లు ఒకే రంగు ఊలుతో చేసే, చిన్న డిజైన్ ఉన్న ప్యాటర్న్ చూసుకోండి. నాలుగు రంగులతో పూలూ పక్షులూ ఉన్నవి బొమ్మలో ముద్దుగానే ఉంటాయి గానీ లోపలి వైపు దారాలు పోగుపడి మందం పెరుగుతుంది. అది చీర కిందకు పనికిరాదు.

ప్యాటర్న్ చేతికొచ్చాక మొదట చూడాల్సింది సూదుల నంబరు. పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75, 14 అంటే 2. ఇప్పుడు బ్రిటన్‌లో అమ్మే సూదుల మీద ఎక్కువగా మిల్లీమీటర్లే ఉంటాయి. ఇండియా దుకాణాల్లో మాత్రం ఇప్పటికీ ఆ పాత నంబర్లే నడుస్తున్నాయి. సికింద్రాబాద్‌లో మా పక్క క్వార్టర్లో ఉండే మిలిటరీ వాళ్ల ఆంటీ నాకు పదో నంబరు సూదుల మీదే అల్లిక నేర్పారు. ఆ సూదులే ఇక్కడికి తెచ్చుకున్నాను, 1940ల ప్యాటర్న్‌కు నంబర్లు మార్చాల్సిన పనే లేదు. అమెరికా ప్యాటర్న్ అయితే జాగ్రత్త. వాళ్ల లెక్క తలకిందులు, అక్కడ 10 నంబరంటే 6 మిల్లీమీటర్లు.

తర్వాత పొట్టి అక్షరాల భాష. 'ఊల్ ఫార్వర్డ్' అంటే ఊలును సూది మీదుగా ముందుకు తెచ్చి కొత్త కుట్టు పుట్టించడం, అక్కడ చిన్న కన్నం పడుతుంది. 'మేక్ 1' అని ఉన్నచోట తొందరపడకండి. ఇప్పటి ప్యాటర్న్‌లలో అది కన్నం లేకుండా కుట్టు పెంచడం, పాతవాటిలో చాలాచోట్ల కన్నంతో పెంచడమే. లేసు డిజైన్ మధ్యలో ఉంటే కన్నం కావాలి, పక్క అంచు దగ్గర ఉంటే వద్దు, అంతే తేడా. ఇక కుడి ముక్క గురించి రాయకుండా 'ఎడమదానికి తగ్గట్టు తిప్పి చేయండి' అని వదిలేస్తారు. అల్లే ఆడవాళ్లకు ఇవన్నీ తెలుసులే అన్న ధోరణి. కాగితం మీద మీరే కుడి ముక్క రాసుకోండి, పది నిమిషాల పని.

ఊలు మందం చెప్పే 3 ప్లై, 4 ప్లై అన్న పేర్లను పూర్తిగా నమ్మొద్దు. షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్‌లో జేమీసన్ అండ్ స్మిత్ అనే పాత ఊలు కంపెనీ ఉంది. వాళ్ల 2 ప్లై జంపర్ వెయిట్ నిజానికి 4 ప్లై మందం ఉంటుంది. 25 గ్రాముల ఉండలో 115 మీటర్లు వస్తుంది. రంగులు చూస్తే ప్రాణం లేచొస్తుంది కానీ ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది. కార్డిగన్‌కు అది వాడండి. జాకెట్టుగా వేసుకునేదానికి మెరినో గొర్రెల మెత్తటి ఊలు, 4 ప్లైది కొనండి. నాకు 50 గ్రాముల ఉండలు ఆరు సరిపోతాయి. ప్యాటర్న్‌లో రాసిన ఐదు ఔన్సులు పట్టుకుని కొంటే మాత్రం చెయ్యి మధ్యలో ఊలు అయిపోతుంది. ఆ లెక్క 34 అంగుళాల ఛాతీకి, సన్న 3 ప్లైకి వేసింది. అక్రిలిక్ మాట నా దగ్గర ఎత్తొద్దు.

ఇప్పుడు అసలు పని, సైజు. పాత ప్యాటర్న్‌లలో చాలావాటికి ఒకే ఒక్క సైజు ఉంటుంది, ఎక్కువగా 34. నాది 38. నా దగ్గరున్న ఒక లీఫ్‌లెట్‌తో లెక్క చూపిస్తాను. అందులో టెన్షన్, అంటే అల్లిక బిగువు, అంగుళానికి ఏడున్నర కుట్లు. వెనక భాగం రిబ్ అయ్యాక 128 కుట్లకు పెంచమంటుంది. 128ని ఏడున్నరతో భాగిస్తే 17 అంగుళాలు, ముందూ వెనకా కలిపి 34. అంటే ఒంటికి ఎంతో దుస్తుకూ అంతే, వదులు బొత్తిగా లేదు. జాకెట్టుకు మనక్కావాల్సిందీ అదే.

38కి మార్చాలంటే సగం 19 అంగుళాలు. ఏడున్నరతో గుణిస్తే 142 కుట్లు, పైన ఇంకో అర. కానీ డిజైన్ ఆరేసి కుట్లకు ఒకసారి తిరుగుతుంది, అంచులకు రెండు కుట్లు అదనం. 128 అంటే 21 ఆరులు, ఇంకో రెండు. నేను 23 ఆరులు, ఇంకో రెండు, మొత్తం 140 తీసుకున్నాను. అది చుట్టూ 37 అంగుళాల పైచిలుకు వస్తుంది. ఊలు సాగుతుంది కాబట్టి 38 ఒంటికి హాయిగా పడుతుంది. డిజైన్ ఇంకోసారి చేర్చి 146 చేస్తే 39 దాకా పోయి, చంక కింద ముడతలు పడతాయి.

ఇక్కడే చాలామంది భుజాలు కూడా అదే లెక్కన పెంచేస్తారు. ఛాతీ నాలుగంగుళాలు పెరిగినంత మాత్రాన భుజాలు నాలుగంగుళాలు పెరగవు. ప్యాటర్న్‌లో చంక దగ్గర రెండు వైపులా ఆరేసి కుట్లు ముగించి, ఆపైన వరుస విడిచి వరుస అంచుకొకటి చొప్పున తగ్గిస్తూ 98కి తెస్తారు, అంటే 13 అంగుళాలు. నా వీపు భుజం నుంచి భుజానికి 14. కాబట్టి ఎనిమిదేసి ముగించి, ఒక్కో వైపు ఇంకో పది తగ్గించి, 140ని 104కి తెచ్చాను. బుట్ట చేతికి భుజం కుట్టు భుజం ఎముక మీదే కూర్చోవాలి. అది కిందికి జారితే బుట్ట కూడా జారి, మోచేతి దగ్గర సంచీ కట్టినట్టు వేలాడుతుంది.

ఇంత లెక్క వద్దనుకుంటే దొడ్డిదారి ఒకటుంది. ప్యాటర్న్ అంకెలు ముట్టుకోకుండా ఊలు మార్చండి. అదే 128 కుట్లను కాస్త లావు ఊలుతో, అంగుళానికి ఆరూ ముప్పావు వచ్చేలా అల్లితే వెనక భాగం 19 అంగుళాలు, చుట్టూ 38. మెరినో 4 ప్లై, 3.25 లేదా 3.5 సూదులతో ఇది సాధ్యమే. అప్పుడు భుజాలు కూడా 14న్నరకు వెడల్పవుతాయి, కాబట్టి చంక దగ్గర ఒక్కో వైపు రెండేసి కుట్లు ఎక్కువ తగ్గించండి. పొడవులు పాత ప్యాటర్న్‌లో ఎక్కువగా అంగుళాల్లోనే చెబుతారు, వాటిని అలాగే కొలుచుకుంటూ పోవచ్చు.

ఏ దారిలో వెళ్లినా ముందు చిన్న ముక్క అల్లి చూడాలి. ఐదంగుళాల చదరం అల్లి, గోరువెచ్చటి నీళ్లలో ఉతికి, పరిచి ఆరబెట్టాక స్కేలు పెట్టి నాలుగంగుళాలకు కుట్లు లెక్కపెట్టండి. ఏడున్నర టెన్షన్ కావాలంటే 30 రావాలి, ఆరూ ముప్పావుకు 27. ఎక్కువ వస్తే లావు సూది, తక్కువ వస్తే సన్న సూది. ఉతక్కుండా లెక్కపెట్టొద్దు. మెరినో నీళ్లు తగలగానే సాగుతుంది.

చీర కోసం నేను చేసే మార్పులు మూడో నాలుగో ఉన్నాయి. ఆ కాలం జంపర్లు కొన్నింటికి ఎడమ భుజం మీద గుండీలుంటాయి. పైట పిన్ను పెట్టేదీ అక్కడే, కాబట్టి ఆ భుజం మూసేసి, వెనక మెడ దగ్గర నాలుగంగుళాల చీలిక పెడతాను. మెడ దగ్గర కుట్లను సగానికి విడదీసి, రెండు సగాలూ విడివిడిగా అల్లుకుంటే చీలిక అదే ఏర్పడుతుంది. దానికి చిన్న గుండీలు, క్రోషె కాజాలు. మా అత్తగారిది నరసాపురం వైపు, చేతిలో క్రోషె సూది లేకుండా ఆవిడను చూసినవాళ్లు తక్కువ. ఇక్కడికి వచ్చినప్పుడు నా కాజాలన్నీ ఆవిడే పెట్టి వెళ్లారు. షోల్డర్ ప్యాడ్లు ప్యాటర్న్‌లో ఉన్నా పెట్టొద్దు, పైట నిలవదు. ఎడమ భుజం లోపలి వైపు వేలెడు పొడవు కాటన్ టేపు ముక్క కుట్టండి. పిన్ను ఊలుతో పాటు ఆ టేపును కూడా పట్టుకుంటే అల్లిక సాగి కన్నం పడదు. పొడవు మాత్రం మీ ఒంటి మీద టేపు పెట్టి కొలవండి, భుజం నుంచి లంగా బొందు దాకా. నాది అయిదడుగుల రెండంగుళాల ఎత్తు, 18 చాలు.

బుట్ట చెయ్యి కుట్టేటప్పుడు తొందరపడకూడదు. చెయ్యి పై అంచు ఎనిమిదంగుళాలు ఉంటే దాన్ని భుజం దగ్గర నాలుగంగుళాల్లోకి దింపాలి. ముందు చంక కుట్టు, చేతి కుట్టు కలిపి పిన్ను పెట్టండి. అక్కడి నుంచి పైకి రెండు వైపులా మడతల్లేకుండా కుట్టుకుంటూ వచ్చి, మిగిలిన భాగాన్ని భుజం కుట్టుకు అటు మూడు, ఇటు మూడు చిన్న కుచ్చులుగా పెట్టండి. కుచ్చుల మడత భుజం కుట్టు వైపే చూడాలి. అద్దం ముందు వేసుకుని చూశాకే గట్టిగా కుట్టండి. ఊలు లావైనకొద్దీ ఈ కుచ్చులు మొండికేస్తాయి, 4 ప్లై దాటొద్దనేది అందుకే.

కట్టుకునే సంగతికొస్తే, గంజి పెట్టిన నేత చీరలు దీని మీద బాగా నిలుస్తాయి. ఊలుకున్న నూగు పైటను పట్టుకుంటుంది, ఇంట్లో అయితే పిన్ను కూడా పెట్టను. జారే సిల్కులు, షిఫాన్లు కూడా జాకెట్టు మీద కన్నా దీని మీదే మాట వింటాయి. జరీ అంచు గరుగ్గా ఉండే చీరలు మాత్రం వద్దు, భుజం దగ్గర ఊలు రేగి ఉండలు కడుతుంది. రంగు కలపాలని పాకులాడకండి. ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు, సీసా పచ్చ ఈ మూడింట్లో ఒకటి అల్లుకుంటే బీరువాలో సగం చీరలకు సరిపోతుంది.

ఉతికేటప్పుడు పిండకండి. తువ్వాల్లో చుట్టి నొక్కి, బల్ల మీద పరిచి, చేతులూ నడుమూ కొలతకు సర్ది ఆరనివ్వండి. తాడు మీద వేస్తే 18 అంగుళాలది 22 అవుతుంది. వేసవికి లోపల పెట్టేముందు ఒక్కసారే వేసుకున్నదైనా ఉతకాల్సిందే. పురుగు వెతుక్కునేది చెమట మరకనే, అదీ చంకల దగ్గర, మీరు అంత లెక్క వేసి తగ్గించిన కుట్ల దగ్గరే మొదలుపెడుతుంది.