పిల్లలతో ‘పుడ్డన్‌హెడ్ విల్సన్’ చదవడం ఎలా

మార్క్ ట్వెయిన్ అనగానే మనవాళ్ళు టామ్ సాయర్ ఒకటి కొనిచ్చి ఊరుకుంటారు. ఇంట్లో పన్నెండు పదమూడేళ్ళ పిల్లలుంటే ఈసారి 1894లో వచ్చిన ‘పుడ్డన్‌హెడ్ విల్సన్’ తీయండి. అమెరికాలో నల్లవాళ్ళు బానిసలుగా ఉన్నప్పటి కథ ఇది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కాగితం మీదే కావాలంటే చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులు వెతకండి. బెంగళూరులో పెరిగే మన పిల్లలకు ఇంగ్లీషుతో ఇబ్బంది లేదు గానీ, ఇందులో రాక్సీ అనే బానిస తల్లి మాట్లాడే యాస కళ్ళతో చదివితే అర్థం కాదు, పైకి చదవాలి. చదివాక కబుర్లు మాత్రం తెలుగులోనే పెట్టుకోండి, బడిలో రాసే జవాబుల భాష వదిలి పిల్లలు అప్పుడే మనసులో మాట చెప్తారు.

నల్లవాళ్ళను తిట్టే ఒక మాట ఇందులో పేజీ పేజీకీ వస్తుంది. అది ఎవరిని ఎంత హింసించిన మాటో మొదటిరోజే చెప్పండి, పైకి చదివేటప్పుడు దాటేయండి. అలాగే అప్పటి చట్టం సంగతి: తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. రాక్సీలో నల్ల రక్తం పదహారో వంతే, చూడ్డానికి తెల్లగా ఉంటుంది, అయినా ఆమె బానిస, ఆమె కొడుకూ బానిసే.

యజమాని చిన్న దొంగతనానికే బానిసల్ని నది దిగువకు, అంటే బానిసల బతుకు ఇంకా ఘోరంగా ఉండే దక్షిణాది తోటలకు, అమ్మేస్తానని బెదిరిస్తాడు. రేపు తన బిడ్డకూ అదే గతి పట్టొచ్చని హడలిపోయి రాక్సీ ఉయ్యాలలోని తన బిడ్డనీ, యజమాని బిడ్డనీ మార్చేస్తుంది, బట్టలు మారిస్తే సరిపోయింది. అప్పట్నించీ ఆమె కొడుకు టామ్ పేరుతో యజమాని కొడుకుగా, అసలు వారసుడు చాంబర్స్ పేరుతో బానిసగా పెరుగుతారు. ఇక్కడ ఆగండి. ఇద్దరిలో ఎవరు మంచివాడవుతారని అడగకండి, ఎవరికి ఏం తినిపిస్తారు, ఎవరు ఏడిస్తే ఎవరు పరిగెత్తుతారు అని అడగండి.

తర్వాత వాళ్ళ చిన్నతనం గురించి ఉన్న అధ్యాయం తొందరపడకుండా రెండుసార్లు చదవండి, పుస్తకానికి ప్రాణం అక్కడుంది. చలికాలంలో చాంబర్స్ చిరిగిన పాత బట్టల్లో, చిల్లులు పడిన బూట్లతో మంచు బండిని గుట్టమీదికి లాగుతాడు, టామ్ వెచ్చగా కూర్చుని జారుతాడు, చాంబర్స్‌కి ఒక్కసారి కూడా ఎక్కే వంతు రాదు. మూడుసార్లు ఎదురు తిరిగి కొడితే మూడుసార్లూ బెత్తంతో చావగొట్టింది ఎవరో కాదు, వాడి సొంత తండ్రే, ఆ సంగతి ఆయనకి తెలియదు. ఇద్దరికీ పదిహేనేళ్ళప్పుడు నదిలో టామ్‌కి కండరాలు పట్టేస్తే చాంబర్సే ఈదుకెళ్ళి కాపాడతాడు, బానిస చేత కాపాడబడటం నామోషీ అయిపోయి టామ్ వాణ్ణే కత్తితో పొడుస్తాడు. పిల్లలు వెంటనే టామ్‌ని తిడతారు. తిట్టనివ్వండి, కానీ పుట్టుకతో వీడు ఎవరి బిడ్డో గుర్తు చేసి, మరి ఈ పొగరు ఎక్కడినుంచి వచ్చిందని అడగండి.

ఆ ప్రశ్న మన ఇంటికీ వస్తుంది, తప్పించుకోకండి. మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో పనావిడకు వేరే గ్లాసు పెట్టాలని పిల్లలకు ఎవరూ నేర్పరు, రోజూ చూస్తారు అంతే. సెలవుల్లో ఆవిడ కూతురు వచ్చి వంటగది గుమ్మం దగ్గర కింద కూర్చుంటే మనవాడు సోఫాలో ట్యాబ్ చూస్తుంటాడు. జీతం తీసుకుని, నచ్చకపోతే మానేసే పని వేరు, మనిషిని కొని అమ్మే బానిసత్వం వేరు, ఆ తేడా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. అయినా చిన్నప్పట్నించీ చూసిందే న్యాయమనిపించడం రెండుచోట్లా ఉంది, మనం మార్చుకోగలిగింది మన ఇంట్లోదే కాబట్టి ఆ గ్లాసు సంగతి ముందు తేల్చండి.

లాయరు విల్సన్ వేలిముద్రలతో ఎవరు ఎవరో తేల్చే హత్య కేసు పిల్లలకు భలే నచ్చుతుంది, అది వాళ్ళే చదువుకుంటారు. మీరు దగ్గరుండాల్సింది రాక్సీ తన కొడుకు పిరికితనం చూసి, ఇదంతా నీలో ఉన్న ఆ నల్ల రక్తమే అని ఈసడించినప్పుడు. బట్టలు మారిస్తే బానిస యజమాని అవుతాడని తన చేత్తో నిరూపించిన తల్లే ఆ మాట అంటుంది. యజమానుల అబద్ధం ఆమె బుర్రలో కూడా ఎంత లోతుగా పాతుకుపోయిందో పిల్లల్నే చెప్పమనండి.

చివర్లో అసలు వారసుడికి పేరూ ఆస్తీ తిరిగొస్తాయి. కానీ చదవడం రాయడం రాదు, మాట బానిసల మాటే, తెల్లవాళ్ళ హాల్లో కూర్చోలేడు, వంటగదిలోనే ఊపిరి ఆడుతుంది. ఇది శుభం కార్డు అనుకునే పిల్లలుంటారు, తొందరపడి దిద్దకండి, ఆ పేజీ ఇంకోసారి చదవమనండి.

ఇదంతా కల్పన కాబట్టి వెంటనే ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ ఇవ్వండి. బానిసగా పుట్టిన పిల్లవాడు తన గొంతుతో చెప్పింది కావాలి కదా. బాల్టిమోర్‌లో యజమానురాలు మొదట ప్రేమగా అక్షరాలు నేర్పుతుంది, భర్త వద్దన్నాక మెల్లగా రాయిలా మారిపోతుంది, ఆ పిల్లవాడు వీధిలో తెల్ల పిల్లలకు రొట్టె ఇచ్చి చదువు నేర్చుకుంటాడు. మొత్తం చదివే ఓపిక లేకపోతే ఆ బాల్టిమోర్ అధ్యాయాలు చాలు.