పాత ఊరి ఫొటోలో మన వంశం – మూడవ పాఠం: పేర్లకంటే ముందు కాలం

గత రెండు పాఠాలలో పాత ఫొటోను పాడుచేయకుండా చేతిలోకి తీసుకోవడం, ముందు వెనక వైపులను 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తగ్గకుండా స్కాన్ చేయడం, అందులోని మనుషులకు ఎడమ నుంచి వరుసగా సంఖ్యలు ఇవ్వడం నేర్చుకున్నాం. సంఖ్యలు వేసిన కాపీ చేతికి రాగానే, దాన్ని ఇంటి పెద్దల ముందు పెట్టి "ఇందులో మనవాళ్లెవరు?" అని అడగాలని మనసు తొందరపడుతుంది. ఈ పాఠం పూర్తయ్యేవరకు ఆ ప్రశ్న అడగవద్దని మనవి. ఒకరు వేలు పెట్టి "ఈయనే మా ముత్తాత" అన్నాక, ఆ మాటను పక్కన పెట్టి ఆ ముఖాన్ని చూడడం ఎవరికైనా కష్టమే. మా ఇంట్లో ఒడిలో ఉన్న పసిబిడ్డను మా నాన్నమ్మ అని చాలాకాలం నమ్మాం. ఆ ఫొటో తీసిన కాలానికి ఆమె ఇంకా పుట్టనే లేదని తేలేసరికి, ఆ నమ్మకం మీద కట్టిన మరో ఆరు పేర్లు కూడా కూలిపోయాయి. ముఖాలతో సంబంధం లేకుండా కాలాన్ని ముందే తేల్చుకుంటే, తరువాత వినిపించే ప్రతి పేరునూ దానితో సరిచూసుకోవచ్చు.

కాలం తేల్చడమంటే ఒక సంవత్సరాన్ని ఊహించి రాసుకోవడం కాదు. ఇంతకంటే ముందు తీసి ఉండడానికి వీలులేదు అనే తొలి హద్దును, ఇంతకంటే తరువాత తీసి ఉండడానికి వీలులేదు అనే మలి హద్దును విడివిడిగా కనుక్కోవడం. దొరికిన ప్రతి ఆధారమూ ఈ రెండింటిలో ఒకదాన్ని కాస్త లోపలికి జరపాలి. ఏ హద్దునూ కదిలించని ఆధారం ఎంత ఆసక్తికరంగా ఉన్నా, ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

కాగితం చెప్పేది

ముందుగా భూతద్దంతో ఫొటో ఉపరితలాన్ని చూడండి. పలుచని కాగితం మందపాటి అట్టకు అతికించి ఉండి, బొమ్మ గోధుమరంగులో ఉండి, తెల్లగా ఉండవలసిన చోట్లు పసుపుబారి, బొమ్మ కింద కాగితపు నారలు కనిపిస్తుంటే, అది గుడ్డు తెల్లసొనతో తయారుచేసిన ఆల్బమెన్ ప్రింట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ పద్ధతిని 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ ప్రవేశపెట్టాడు. 1890ల వరకు అదే ఎక్కువగా చలామణిలో ఉంది. నారలు కనిపించకుండా, నలుపు తెలుపుల మధ్య బూడిదరంగు ఛాయలతో, పక్కకు వంచి చూసినప్పుడు ముదురు భాగాల అంచుల్లో అద్దం లాంటి వెండి మెరుపు కనిపిస్తే అది జెలటిన్ సిల్వర్ ప్రింట్. అంటే ఇంచుమించు 1880ల తరువాతిది. బొమ్మ పలుచని ఇనుప రేకు మీద ఉంటే అయస్కాంతాన్ని తాకించకుండా దగ్గరకు తెస్తే చాలు, లాగడం తెలుస్తుంది. 1856లో వచ్చిన ఈ టిన్‌టైప్‌లో బొమ్మ సాధారణంగా కుడి ఎడమలు తారుమారై ఉంటుంది కాబట్టి, ఊళ్లోని భవనాలతో పోల్చే ముందు స్కాన్‌ను అద్దంలోలాగా తిప్పుకోవలసి ఉంటుంది.

ఊరి ఫొటోలు చాలావరకు పోస్టుకార్డు కాగితం మీద కూడా దొరుకుతాయి. వెనకవైపు చిరునామాకూ సందేశానికీ మధ్య నిలువు గీత ఉందేమో చూడండి. అలా గీత ఉన్న కార్డులను బ్రిటన్ 1902లో, ఫ్రాన్స్ 1904లో, జర్మనీ 1905లో, అమెరికా 1907లో అనుమతించాయి. తపాలా బిళ్ల అతికించే గడి చుట్టూ కాగితం కంపెనీ పేరు కూడా తరచుగా ఉంటుంది.

అయితే కాగితం వయసు వేరు, బొమ్మ వయసు వేరు. కొత్తగా నేర్చుకునేవారు అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాత ఫొటో ఒక్కటే ఉన్నప్పుడు అన్నదమ్ములు విడిపోతూ దాన్ని మళ్లీ ఫొటో తీయించి తలా ఒక ప్రతి తీసుకునేవారు. మీ చేతిలో ఉన్నది అలాంటి ప్రతి అయితే, కాగితం 1960ల నాటిదైనా బొమ్మ అరవై ఏళ్ల పాతదై ఉండవచ్చు. దీన్ని పట్టుకోవడానికి వేలి కొస చాలు. బొమ్మలో చిరుగు, మడత, గుండుసూది రంధ్రం కనిపిస్తూ, వేలికి మాత్రం ఉపరితలం నున్నగా తగిలితే, ఆ చిరుగు అసలు ఫొటోది, మీ దగ్గర ఉన్నది దాని నకలు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేసి చూసినప్పుడు కాగితం నీలితెలుపు కాంతితో వెలిగితే, అందులో తెలుపు పెంచే రసాయనాలు ఉన్నట్టు. 1950లకు ముందటి ఫొటో కాగితాల్లో ఇవి సాధారణంగా ఉండవు. నకలు అని తేలితే కాగితం ఇచ్చిన హద్దులన్నీ కొట్టివేసి, బొమ్మ లోపలి ఆధారాల మీదే ఆధారపడాలి. అసలు ఫొటో మరొక శాఖవారి ఇంట్లో ఉండి ఉండవచ్చు, దాని వెనక మరిన్ని పేర్లు కూడా ఉండవచ్చు. కాబట్టి నకలు దొరికిందని నిరుత్సాహపడనవసరం లేదు.

వెనక ఉన్న రాతకూ ఇదే నియమం వర్తిస్తుంది. బాల్‌పాయింట్ పెన్నులు 1945 ప్రాంతంలోగాని అమ్మకానికి రాలేదు. 1910 నాటి ఫొటో వెనక బాల్‌పాయింట్‌తో పేర్లు రాసి ఉంటే, అవి కనీసం ముప్పై అయిదేళ్ల తరువాత ఎవరో గుర్తు చేసుకుని రాసినవి. అవి అబద్ధమని నా ఉద్దేశం కాదు, వాటిని జ్ఞాపకంగా లెక్కించాలని మాత్రమే. "తాతయ్య" అని మాత్రమే రాసి ఉంటే, అది ఎవరి తాతయ్యో, తల్లివైపో తండ్రివైపో, రాసిన చేయి ఎవరిదో తెలిసేవరకు అర్థం కాదు. అందుకే ఇంట్లో ఉన్న పాత ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు దగ్గర పెట్టుకుని చేతిరాతను పోల్చండి. రాసినవారు ఎవరో తెలిస్తే, వరుసలన్నీ ఆ వ్యక్తి స్థానం నుంచి లెక్కకట్టుకోవచ్చు.

పిల్లలే గడియారం

పెద్దవాళ్ల వయసును ముఖం చూసి అంచనా వేస్తే పదేళ్ల తేడా సులభంగా వస్తుంది. పిల్లల విషయంలో అంత తేడా రాదు, పసివాళ్ల విషయంలో నెలల్లోనే ఉంటుంది. బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవడం సాధారణంగా 6 నుంచి 8 నెలల మధ్య, నడక సుమారు ఏడాదికి మొదలవుతుంది. అందువల్ల గుంపు ఫొటోలో నేను మొట్టమొదట వెతికేది నడుమ కూర్చున్న పెద్దాయనను కాదు, ఒళ్లో ఉన్న అతి చిన్న బిడ్డను.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని సాధన చేద్దాం. ఊరి బడి ముందు ముప్పైమంది నిలబడ్డారు. ఫొటో నిలువు గీత ఉన్న పోస్టుకార్డు, నకలు కాదు. కాబట్టి తొలి హద్దు 1902. మధ్య వరుసలో ఒక స్త్రీ ఒళ్లో ఏడాది బిడ్డ, పక్కన నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నారు. మీ కుటుంబంలో 1906, 1909, 1912, 1915 సంవత్సరాల్లో నలుగురు పిల్లలను కన్న తల్లి ఉందని జనన రికార్డుల వల్ల తెలుసు. 1909లో పుట్టిన బిడ్డ 1911లో మరణించింది. ఫొటోలో ఉన్నది ఈ తల్లే అయితే, ఏడాది బిడ్డ, నాలుగేళ్ల పిల్లవాడు అనే జత ఏ సంవత్సరాల్లో కుదురుతుంది? 1910లో కుదురుతుంది. 1913లో కుదరదు, ఎందుకంటే అప్పటికి నాలుగేళ్లు ఉండవలసిన బిడ్డ బతికి లేదు. 1916లో మళ్లీ కుదురుతుంది, కానీ అప్పుడు 1906లో పుట్టిన బిడ్డకు పదేళ్లు ఉంటాయి. ఆ బిడ్డ తల్లి పక్కన లేకపోవడం ఒక సూచన మాత్రమే. పదేళ్ల పిల్లలు తోటివారితో చివరి వరుసలో నిలబడి ఉండవచ్చు, ఆ రోజు ఊళ్లో లేకపోయి ఉండవచ్చు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఆ ఇంటి పెద్దాయన 1914లో మరణించాడని మీకు తెలుసనుకుందాం. ముందు వరుసలో కుర్చీలో కూర్చున్న వృద్ధుడు ఆయనే అనిపిస్తుంది, కాబట్టి ఫొటో 1910 నాటిదని రాసేస్తారు. తరువాత ఎవరైనా ఆ వృద్ధుడు ఎవరని అడిగితే, ఫొటో 1910 నాటిది కాబట్టి ఆయనే అయి ఉండాలని సమాధానం చెబుతారు. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకునే ఈ రెండు మాటలకూ బయటి ఆధారం ఏదీ లేదు. ముఖాల మీద ఆధారపడనిది ఒకటి కావాలి.

అది వాళ్ల వెనక ఉన్న భవనం. బడికి రెండో అంతస్తు 1912లో కట్టినట్టు గోడమీద శాసనఫలకం ఉండి, ఫొటోలో కప్పు పూర్తిగా కనిపిస్తూ రెండో అంతస్తు లేకపోతే, 1916 కొట్టివేయబడుతుంది. అప్పుడు, ఆమె ఆ తల్లే అయితే ఫొటో 1910 నాటిదనే వాక్యం నిలుస్తుంది. "అయితే" అన్న మాటను మాత్రం అందులోనుంచి తొలగించకండి. అది తొలగేది నాలుగవ పాఠంలో, పేర్ల దగ్గర. ఊరి ఫొటోకు స్టూడియో ఫొటోకు లేని బలం ఈ వెనక దృశ్యమే. స్టూడియో తెర ఎక్కడిదైనా కావచ్చు. విద్యుత్ స్తంభం, వంతెన, గుడి లేక చర్చి గోపురం, పెద్ద చెట్టు మాత్రం ఆ ఊరివే, వాటికి రికార్డులు, పటాలు, కొలతలు ఉంటాయి. నీడలు ఏ దిక్కుకు, ఎంత పొడవుగా పడ్డాయో భవనం ముఖద్వారపు దిక్కుతో కలిపి చూస్తే, తీసినది ఉదయమో సాయంత్రమో, కొన్నిసార్లు ఏ రుతువో కూడా తేలుతుంది.

ఈ వారం అభ్యాసం

మీ ఫొటోకు ఒక తెల్లకాగితం కేటాయించి, దాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు తొలి హద్దు ఆధారాలు, కుడివైపు మలి హద్దు ఆధారాలు రాయండి. ప్రతిదాని పక్కన అది కాగితం నుంచి వచ్చిందో, బొమ్మ నుంచి వచ్చిందో, వెనక రాత నుంచి వచ్చిందో ఒక్క మాటలో గుర్తు పెట్టండి. ముఖ పోలిక మీద ఆధారపడినది ఏదైనా ఉంటే పెన్సిల్‌తో రాయండి, మిగిలినవి పెన్నుతో. పెన్నుతో రాసినవాటిని మాత్రమే కలిపి చూసినప్పుడు రెండు హద్దుల మధ్య పదేళ్లకు మించి మిగిలితే, ఫొటోలోని భవనాల్లో దేని నిర్మాణ సంవత్సరం తెలుసుకోగలరో వెతకండి. పదేళ్లలోపు మిగిలితే, ఆ కాగితాన్నీ ఫొటోనూ తీసుకుని నాలుగవ పాఠానికి రండి. పెద్దలను ఏ క్రమంలో, ఏ మాటలతో అడగాలో అక్కడ చూద్దాం.